చాలా యంత్రాలు – ఒకే లెక్క

(హార్స్లీ హిల్స్‌లో జరిగిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం శాఖల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి సభ కార్యక్రమంలో నాలుగవ అంశంగా "మూడు శాఖల స్కాలర్‌షిప్ రిజిస్టర్లను కంప్యూటరులో ఒకటిగా చేయుట" అని ఉన్నది. అది చర్చకు రాకముందే, చాలా కంప్యూటర్లు కలిసి ఒకే పని చేయడమంటే ఏమిటో, అందులోని చిక్కులేమిటో అందరికీ అర్థమయ్యేటట్లు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మేము కంప్యూటరు ఇంజనీర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకొనే వాళ్ళము. అయితే ఈ విషయంలో అసలు చిక్కు యంత్రంలో లేదు, లెక్కలో ఉన్నది. అందువల్లనే ఒప్పుకున్నాము.

మీసేవా కేంద్రానికి పోతాము, రేషన్ షాపుకు పోతాము, బ్యాంకుకు పోతాము. ఒక్కోసారి "సర్వర్ లేదప్పా, రేపు రా" అంటారు. మన ఇళ్ళలో ఐతే "సర్వర్ నై చల్రా" అంటారు. సర్వర్ అంటే ఎక్కడో పట్నంలో అద్దాల గదిలో ఒకే ఒక పెద్ద యంత్రం కూర్చొని ఉన్నదనీ, దానికి జ్వరం వచ్చిందనీ మనలో చాలామంది ఊహ. అది నిజం కాదు. రేషన్ షాపులో వేలిముద్ర వేస్తే ఆ కబురు షాపులోని చిన్న యంత్రం నుండి ఫోను కంపెనీ టవరుకు, అక్కడి నుండి పౌర సరఫరాల శాఖ కంప్యూటర్లకు, అక్కడి నుండి ఆధార్ కంప్యూటర్లకు పోయి రావాలి. ఆ ఆధార్ కేంద్రాలు ఒకటి బెంగుళూరులోను, ఒకటి హర్యానాలోని మానేసర్‌లోను ఉన్నవి. ఈ దారిలో ఏ ఒక్కరు మౌనంగా ఉన్నా మన బియ్యం సంచి ఖాళీగానే ఇంటికి వస్తుంది. ఇట్లు ఒక పనిని అనేక యంత్రాలు పంచుకొని, దూరదూరాన ఉండి, కబుర్ల ద్వారా మాత్రమే ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటూ చేయడాన్ని ఇంగ్లీషులో డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ అంటారు. మన ఉర్దూలో తఖ్సీమ్ అనే మాట ఉన్నదే, అదే భావం.

లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ విద్యకు పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. 2013 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి ఆయనకు వచ్చింది. ఆయన ఒకసారి హాస్యంగా చెప్పిన నిర్వచనం ఏమంటే, మీరు పేరు కూడా వినని ఏదో కంప్యూటరు చెడిపోతే మీ ముందున్న కంప్యూటరు పనికిరాకుండా పోయే ఏర్పాటే ఇది, అని. హాస్యమే గాని 2024 జూలై 19న ప్రపంచమంతా దానిని కళ్ళారా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే ఒక భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు సవరణ వల్ల సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయినవి. ఆ రోజు మన హైదరాబాదు విమానాశ్రయంలో చేతితో వ్రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫోటో దేశమంతా తిరిగింది. విమానం బాగానే ఉంది, పైలట్ బాగానే ఉన్నాడు. ప్రయాణికుల్లో ఎంతమంది ఆ కంపెనీ పేరు విని ఉంటారు?

ఇక మనకు దగ్గరైన ఉదాహరణ తీసుకుందాము. రైలు రిజర్వేషను. దీనికి మన తెలుగు నేలతో సంబంధమున్నది గనుక కాస్త నిదానంగా చెబుతాము.

ఇక్కడ కూర్చున్న పెద్దలకు పాత పద్ధతి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పెద్ద పెద్ద రిజిస్టర్లు. రైలుకొకటి, తేదీకొక పేజీ. గుమాస్తా పెన్నుతో పేరు వ్రాసేవాడు. దారిలోని స్టేషన్లకు ఇన్ని బెర్తులని ముందే కోటా పంచి ఇచ్చేవారు. ఆ కోటా లోపల ఆ స్టేషను మాస్టరే రాజు, ఎవర్నీ అడగనక్కర లేదు. కానీ తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు కావాలంటే అవతలి స్టేషనుకు టెలిగ్రాం కొట్టాలి. జవాబు వస్తే అదృష్టం. పెళ్ళి బృందాలు పోయేటప్పుడు పడుకొని పోయి, వచ్చేటప్పుడు నిలబడి వచ్చిన సందర్భాలు ఎన్ని లేవు!

ఈ కోటా పద్ధతిని మనం పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేయకూడదు. కబురు ఆలస్యమయ్యే చోట, ముందే పంచుకొని ఎవరి భాగం వారు చూసుకోవడం చాలా తెలివైన ఏర్పాటు. ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడుపోయే ప్రమాదమే ఉండదు. దాని లోపమల్లా ఒక్కటే. ఒక స్టేషనులో నాలుగు బెర్తులు ఖాళీగా మిగిలి ఉంటవి, ఇంకొక స్టేషనులో చంటిబిడ్డతో తల్లి నిలబడి ఉంటుంది. ఒకరి ఖాళీ ఇంకొకరికి తెలియదు.

1985 నవంబరులో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ప్రయోగాత్మకంగా మొదలయింది. 1986లో రైల్వేవారు క్రిస్ అనే సంస్థను ఏర్పాటు చేశారు. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులలో కూడా కంప్యూటరు కేంద్రాలు వచ్చినవి. కాని ఐదు కేంద్రాలూ ఐదు దీవులు. రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చిందే గాని, ఒక దీవికి ఇంకొక దీవి సంగతి తెలియదు. ఈ దీవులకు వంతెన కట్టడానికి క్రిస్ వారు వ్రాసిన కొత్త ప్రోగ్రాము పేరు కాన్సర్ట్. అది మొట్టమొదట 1994లో సికింద్రాబాదులో పనిలోకి దిగింది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ కలిసిపోయినవి. 2002 ఆగస్టు నుండి ఇంటి నుండే ఇంటర్నెట్‌లో టిక్కెట్టు కొనే సౌకర్యం దానిమీదనే నిలబడింది.

అది ఏ విధంగా పని చేసిందో వినండి. ఒక్కొక్క రైలుకు ఒక సొంత ఇల్లు. ఆ రైలులోని బెర్తుల లెక్క ఆ ఒక్క ఇంట్లోనే ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. మన కుప్పం స్టేషను బెంగుళూరు–జోలార్‌పేట లైనులో, బెంగుళూరు డివిజనులో ఉన్నది. మన మదనపల్లె రోడ్డు స్టేషను పాకాల–ధర్మవరం లైనులో, గుంతకల్లు డివిజనులో ఉన్నది. పుంగనూరు వారికి రైలే లేదు, ఆ బాధ వేరే సభలో చెప్పుకుందాం. కౌంటరు ముందు నిలబడ్డవారికి ఈ డివిజన్లు, ఇళ్ళు ఏవీ కనబడవు. ఫారం ఇస్తాము, గుమాస్తా కొడతాడు. అడిగిన రైలు లెక్క ఎక్కడున్నదో యంత్రమే కనిపెట్టి కబురును ఆ ఇంటికి పంపుతుంది, జవాబు తెచ్చి ఇస్తుంది.

ఇప్పుడు ఒకే ఒక బెర్తు మిగిలింది అనుకోండి. కుప్పంలో ఒకాయన, కాచిగూడలో ఒకాయన ఒకే క్షణంలో అడిగారు. ఎవరు ముందు? కుప్పం గడియారం ఒకటి చెబుతుంది, కాచిగూడ గడియారం ఇంకొకటి చెబుతుంది. రెండు గడియారాలు నూటికి నూరుపాళ్ళు ఒక్కటిగా ఎప్పుడూ నడవవు. లాంపోర్ట్ 1978లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ విషయం మీదనే. దూరదూరాన ఉన్న యంత్రాలలో ఏది ముందు, ఏది వెనుక అనేదానిని గడియారాన్ని నమ్మి తేల్చవద్దు, ఏ కబురు అందిన తర్వాత ఏ పని జరిగిందో ఆ వరుసను బట్టి తేల్చుకోండి అన్నాడాయన. రైల్వేలో ఆ తీర్పు రైలు ఇంటిదే. ఏ కబురు ముందు తలుపు తట్టిందో దానికి ఆ బెర్తు మీద తాళం వేస్తుంది. రెండవవాడు తాళం తీసేదాకా కాచుకోవాలి.

తాళం వేయించుకున్న కౌంటరులో సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందనుకోండి, మన ఊళ్ళలో అదేమీ వింత కాదు గదా. తాళం ఎంతసేపు ఉంచాలి? త్వరగా తీస్తే, అవతల డబ్బు కట్టినవాడికి అన్యాయం. తీయకుండా కూర్చుంటే, బెర్తు ఎవరికీ కాకుండా రైలు కదిలిపోతుంది. ఇంత సేపు అని గీత ఎవరో ఒకరు గీయాలి. ఆ గీత ఎక్కడ గీసినా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరికి నష్టం తప్పదు. ఈ విద్యలో ఉన్న కష్టమంతా ఇదే. అవతలివాడు పలకడం లేదు. చచ్చిపోయాడా, నిదానంగా ఉన్నాడా, లేక దారిలో మన కబురే పోయిందా? మూడింటికీ ఇవతల కనబడేది ఒకటే మౌనం. 1985లో ఫిషర్, లించ్, పేటర్సన్ అనే ముగ్గురు దీనిని గణితంతోనే నిరూపించారు. కబురుకు ఇంత గడువు అని లేని చోట, ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశమున్నా, అందరూ తప్పకుండా ఒక నిర్ణయానికి వచ్చి తీరే పద్ధతి ఏదీ ఉండదని. ఎంత పెద్ద కంప్యూటరు కొన్నా ఈ లెక్క మారదు.

మనం రోజూ చేసే ఫోను పేమెంటులో ఈ మౌనం ఎట్లా తగులుతుందో చూడండి. మదనపల్లె టమోటా మార్కెట్టులో ఒక రైతుకు వ్యాపారి డబ్బు పంపాడు. వ్యాపారి ఖాతాలో తగ్గింది, రైతు ఫోనులో మోగలేదు. ఇద్దరిదీ నిజమే. వ్యాపారి బ్యాంకు, మధ్యలో యు.పి.ఐ.ని నడిపే జాతీయ సంస్థ, రైతు బ్యాంకు – ఈ మూడు చోట్ల వేరువేరు ఖాతా పుస్తకాలున్నవి. "జమ చేశాను" అన్న జవాబు దారిలో చిక్కుకుంటే పంపినవారికి ఏమి తెలుస్తుంది? మళ్ళీ నొక్కితే రెండుసార్లు పోతుందేమోనని భయం, నొక్కకుంటే రైతు లారీ కిరాయికి డబ్బు లేక నిలబడి ఉన్నాడు.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది. ప్రతి లావాదేవీకి ఒక నెంబరు ఇస్తారు. అదే నెంబరుతో కబురు పదిసార్లు వచ్చినా లెక్క ఒక్కసారే. మన పోస్టుమ్యాను ఒకే మనియార్డరు ఫారం రెండుసార్లు చూపినా, నెంబరు చూసి "ఇది ఇచ్చేశాను" అంటాడే, అట్లా. అందుకే యంత్రాలు తమలో తాము మళ్ళీ మళ్ళీ అడిగినా ప్రమాదం లేదు. మనం మళ్ళీ కొత్తగా నొక్కితే మాత్రం అది కొత్త నెంబరు, కొత్త చెల్లింపు. కనుక ఇంట్లో ఆడవాళ్ళకు, ముసలివాళ్ళకు చెప్పండి: డబ్బు తగ్గి అవతల చేరకపోతే తొందరపడి మళ్ళీ పంపవద్దు, ఆ 12 అంకెల నెంబరు వ్రాసుకోండి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మనిషికి మనిషి పంపిన యు.పి.ఐ. సొమ్ము చేరకపోతే మరుసటి రోజులోగా తనంతట తానే తిరిగి రావాలి. అంగడివారికి చేసిన చెల్లింపు ఖరారు కాకపోతే ఐదు రోజులు. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఇది దయ కాదు, హక్కు.

ఒక మాట కలుపుతాము. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యు.పి.ఐ. కొన్ని గంటలు తడబడింది. కారణం దొంగలు కాదు. ఏవో చెల్లింపుల జవాబు రాలేదని బ్యాంకుల యంత్రాలు "చేరిందా, చేరిందా" అని ఎడతెరపి లేకుండా అడగడం మొదలుపెట్టినవి. ఆ ప్రశ్నల బరువుకే మధ్య సంస్థ కుంగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడగవచ్చునో హద్దు పెట్టారు. పెళ్ళి ఇంట్లో వంట మనిషిని ఐదు నిమిషాలకొకసారి "బిర్యానీ అయిందా" అని ఇరవైమంది అడిగితే, దమ్ ఎప్పుడు పడుతుంది?

సరే, రైలుకు ఒకే ఇల్లు అన్నాము గదా. ఆ ఇంటికి కష్టం వస్తే ఆ రైళ్ళన్నీ ఆగుతవి. ఐతే రెండు ఇళ్ళలో రెండు నకళ్ళు ఏంటికి పెట్టకూడదు? పెట్టవచ్చు. పెద్ద పెద్ద కంపెనీలు మూడేసి నకళ్ళు పెడతవి. కాని ఇళ్ళ మధ్య తీగ తెగినప్పుడు ఏమి చేయాలనేదే ప్రశ్న. ఎరిక్ బ్రూవర్ అనే ప్రొఫెసరు 2000లో ఒక మాట అన్నాడు, 2002లో గిల్బర్ట్, లించ్ అనేవారు దానిని నిరూపించారు. తీగ తెగినప్పుడు రెండే దారులు. ఒకటి: అవతలి సంగతి తెలిసేదాకా పని ఆపు, తప్పు జరగదు గాని జనం నిలబడతారు. రెండు: ఎవరికి తెలిసినంతలో వారు పని సాగించు, జనం నిలబడరు గాని లెక్కలు తేడా వస్తవి. రెండు మేళ్ళూ ఒకేసారి దొరకవు.

ఇది కంప్యూటర్లు పుట్టకముందు నుండి మన సమాజానికి తెలిసిన సంగతే. రంజాను ఇరవై తొమ్మిదవ సాయంత్రం తలచుకోండి. మదనపల్లెలో మబ్బు. ఈ కొండ మీద మంచు, చేయి చాస్తే చేయి కనబడదు. పుంగనూరులో ఎవరో చూశారని వదంతి. కుప్పం వారు ఒక చెవి బెంగుళూరు వైపు, ఒక చెవి మద్రాసు వైపు పెట్టి కూర్చుంటారు. పూర్వం ట్రంకు కాలు బుక్ చేసి పోస్టాఫీసు దగ్గర నిలబడేవారు. ఇషా అయిపోయింది, తరావీహ్ చదవాలా వద్దా? సేమియా నానబెట్టాలా వద్దా? నిర్ణయం ఒక్కటి కావాలి, సాక్ష్యం తలా ఒక చోట ఉంది, కబురు దారి నమ్మకం లేదు. ఇంతకంటే చక్కని డిస్ట్రిబ్యూటెడ్ సిస్టం ఉదాహరణ ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ మాకు కనబడలేదు.

మేము ఆలిములము కాము. మసలా చెప్పడం మా పని కాదు. ఆ ఏర్పాటులో ఉన్న లెక్కను మాత్రమే చూపుతున్నాము. మన హనఫీ పద్ధతిలో మబ్బు ఉన్నప్పుడు రంజాను మొదలుకు నమ్మదగిన ఒక్కరి సాక్ష్యం చాలు, ఈద్ చాందుకు ఇద్దరి గవాహీ కావాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే ఒకరిద్దరి మాట చాలదు, పెద్ద గుంపు చూసి ఉండాలి. ఏమంటే అంత తేటగా ఉంటే అందరికీ కనబడాలి గదా. అంటే పరిస్థితిని బట్టి ఎంతమంది సాక్ష్యం కావాలో ముందే నిర్ణయించి పెట్టారు. ఇక ఏ సాక్ష్యమూ రాకపోతే? ముప్పై పూర్తి చేయాలి. చూడండి, ఎంత గొప్ప అమరిక! కబురు రాకపోతే ఏమి చేయాలో కబురు కోసం కాచుకొని తేల్చుకోనక్కర లేదు. అది ముందే వ్రాసి ఉన్నది. మౌనానికి కూడా ఒక అర్థం ముందే ఇచ్చి పెట్టారు. పక్క ఊరికీ మనకూ తేడా వచ్చినా మామూలుగా అది ఒక్క రోజే.

కంప్యూటరు ఇంజనీర్లు గడువు పెడతారు, గడువు దాటితే ఏమి చేయాలో వ్రాస్తారు, ఇన్ని యంత్రాలలో సగం కంటే ఎక్కువ ఒప్పుకుంటేనే నిర్ణయం అంటారు. చాందు కమిటీ ముందు కూర్చున్న మన పెద్దలకు ఇవి కొత్త మాటలు కావు.

చాందుతో పాటు నికాహ్ కూడా చెప్పుకుందాము, త్వరగానే ముగిస్తాము. రెండు బ్యాంకుల పుస్తకాలు ఒకేసారి మారాలి, లేదా రెండూ మారకూడదు. దీనికి టూ-ఫేజ్ కమిట్ అనే పద్ధతి ఉన్నది. మధ్యవర్తి యంత్రం మొదట అందర్నీ విడివిడిగా "సిద్ధమేనా" అని అడుగుతుంది. అందరూ సరే అంటేనే "ఖాయం" అని ప్రకటిస్తుంది, ఒక్కరు కాదన్నా రద్దు. వకీలు, ఇద్దరు సాక్షులతో లోపలికి పోయి అమ్మాయి ఇజాజత్ తెస్తాడు, ఖాజీగారు అబ్బాయిని కబూలేనా అని అడుగుతారు, ఆపైన సియాహాలో వ్రాసి దస్తఖతులు. అదే వరుస. దాని లోపం కూడా చూడండి. ఇరువైపులా సరే అన్న తర్వాత, ప్రకటించే ముందు మధ్యవర్తి మాయమైతే? రెండువైపుల వాళ్ళూ కదలడానికి లేదు, వెనక్కు పోవడానికి లేదు. అందుకే మంచి వ్యవస్థలో మధ్యవర్తి తన ప్రతి అడుగునూ ముందు పుస్తకంలో వ్రాసి తర్వాతే నోరు తెరుస్తాడు. అతడు లేకపోయినా ఆ పుస్తకం చూసి ఇంకొకరు ముగించవచ్చు.

ఇప్పుడు మన నాలుగవ అంశానికి వస్తాము.

మూడు శాఖల్లో మూడు రిజిస్టర్లు. ఏటా జూన్, జూలైలలో అర్జీలు వస్తవి. కాలేజీ ఫీజు గడువు ఎవరికోసమూ ఆగదు. ఒకే పిల్లవాడు తల్లిగారి ఊరు పుంగనూరులో ఒక అర్జీ, తండ్రిగారి ఊరు మదనపల్లెలో ఒక అర్జీ ఇచ్చి రెండు చోట్లా సహాయం పొందడం జరిగింది. అది వారి తప్పనడానికి లేదు, ఒకచోట ఇస్తే రెండవచోట ఇవ్వకూడదని మనం ఎవరికీ చెప్పలేదు. కాని దానివల్ల చివరి వరుసలో ఉన్న ఒక అమ్మాయికి డబ్బు మిగలలేదు. ఆ అమ్మాయి ఆ ఏడు కాలేజీలో చేరలేదు. ఇది జకాత్, సద్‌ఖాల సొమ్ము. అమానత్. లెక్క తప్పితే జవాబు ఇవ్వవలసింది ఆడిటరుకు మాత్రమే కాదు.

కొందరు సోదరులు "రిజిస్టరు ఒక్కటే ఉండాలి, మదనపల్లెలోనే ఉండాలి, మిగతావారు ఫోను చేసి అడగాలి" అంటున్నారు. ఇది రైలుకు ఒకే ఇల్లు పద్ధతి. తప్పు జరగదు. కాని మదనపల్లె కార్యదర్శిగారు ఉమ్రాకు పోయిన పదిహేను రోజులూ కుప్పం పిల్లలు ఏమి చేయాలి? ఇంకొందరు "ఎవరి రిజిస్టరు వారిదే, సంవత్సరాంతంలో కలిపి చూసుకుందాం" అంటున్నారు. 1998లో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులను కంప్యూటరు చేసినప్పుడు ఆ దారే పట్టారు. రెండు వందలకు పైగా ఆఫీసులు, ఎవరి కంప్యూటరు వారిది. పని చురుకుగా సాగింది. కాని పక్క ఆఫీసు పరిధిలోని భూమి సంగతి తెలియాలంటే పక్క ఆఫీసుకే పోవాలి. అన్నింటినీ కలపడం తర్వాతి సంవత్సరాల పని అయింది. మన విషయంలో సంవత్సరాంతంలో కలిపి చూస్తే తప్పు తెలుస్తుంది, ఇచ్చిన డబ్బు తిరిగి రాదు.

మా అభిప్రాయం ఇది. పాత రైల్వే కోటాను, చాందు గవాహీని కలపండి. ఉన్న సొమ్ములో కొంత భాగాన్ని మూడు శాఖలకు ముందే పంచండి. పుస్తకాలకు, పరీక్ష ఫీజుకు అయ్యే చిన్న సహాయాలు ఆ భాగం నుండి శాఖవారే ఎవర్నీ అడగకుండా ఇవ్వవచ్చు. ఎంత పొరపాటు జరిగినా ఆ హద్దు దాటదు. కాలేజీ ఫీజు వంటి పెద్ద సహాయానికి మాత్రం మూడు శాఖలలో రెండు శాఖల ఒప్పుదల ఉండాలి. ఒకరు ఊళ్ళో లేకపోయినా పని ఆగదు. ఒక విద్యార్థి మీద ఒకేసారి రెండు వేరువేరు నిర్ణయాలు జరగవు. ఎందుకంటే ముగ్గురిలో ఏ ఇద్దరిద్దరిని తీసుకున్నా కనీసం ఒకరు రెండు జతలలోనూ ఉంటారు, ఆ ఒకరికి ముందు సంగతి తెలిసే ఉంటుంది. పిల్లలు కాగితం మీద మూడు చుక్కలు పెట్టి చూడండి. పెద్ద కంపెనీల యంత్రాలు కూడా ఈ లెక్కనే వాడుతున్నవి. ఇక మూడు రోజులలో ఏ జవాబూ రాకపోతే ఏమనుకోవాలి? ఒప్పుకున్నట్లా, కాదన్నట్లా? మేమైతే అర్జీ ఇచ్చిన శాఖ మాటే చెల్లాలంటాము. ఎక్కువ ఇచ్చిన నష్టం డబ్బుతో పోతుంది, ఇవ్వని నష్టం పిల్ల చదువుతో పోతుంది. దీనికి ఒప్పుకోని పెద్దలు ఉన్నారని తెలుసు. వాదించండి. కాని ఏదో ఒకటి ఈ రోజే వ్రాసిపెట్టండి, అర్జీలు వచ్చిన తర్వాత కాదు.

నవ్వులాటగా ఇంకొక సంగతి. 1982లో లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ అనే ముగ్గురు ఒక లెక్క తేల్చారు. నోటి కబుర్లతో పని చేసే ముగ్గురిలో ఒకడు ఒకరికొక మాట, ఇంకొకరికొక మాట చెప్పే అబద్ధాలకోరు ఐతే, మిగతా ఇద్దరూ ఎంత నిజాయితీపరులైనా ఒక్కమాటకు రాలేరు. కనీసం నలుగురు ఉండాలి. మనకు శాఖలు మూడే. ఐతే వారే ఒక విరుగుడు కూడా చెప్పారు: ప్రతి కబురు మీద మార్చడానికి వీలులేని సంతకం ఉంటే ముగ్గురైనా చాలు. కనుక ఫోనులో "సరే" అనడం కాదు, ప్రతి ఒప్పుదలా వ్రాతలో, పేరుతో, తేదీతో ఉండాలి. మన శాఖలలో అబద్ధాలకోరులు ఎవరూ లేరు. ఉన్నారని మేము అననూ లేదు.

అన్నింటికంటే మొండి చిక్కు పేర్లది. ఒకే అబ్బాయి ఆధార్‌లో "షేక్ మహబూబ్ బాషా", టి.సి.లో "ఎస్. మహబూబ్ పాషా", బ్యాంకులో "ఎస్.కె. మహబూబ్ భాష". ఉర్దూలో ఒక్కటే అక్షరం, ఇంగ్లీషుకు పోయేసరికి నాలుగు విధాలు. మనిషి చూసి ఒక్కడే అని గుర్తుపడతాడు, యంత్రం నలుగురు అంటుంది. దానికి ఎదురుగా, ఒకే పేరుగల ముగ్గురు పిల్లలు ఒకే తరగతిలో ఉన్న బడులు మన మూడు ఊళ్ళలోనూ ఉన్నవి. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల అర్జీలు కూడా ఈ అక్షరాల తేడాతోనే తిరిగి వస్తున్నవి. 2022 నుండి కేంద్రం వారి ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్పు 9, 10 తరగతులకే పరిమితమయింది. ఉన్న కొద్ది అవకాశం కూడా ఒక అక్షరం వల్ల పోకూడదు. మన రిజిస్టరులో పేరును గుర్తుగా పెట్టుకోవద్దు. ప్రతి విద్యార్థికి మన సంఘం ఒక నెంబరు ఇవ్వాలి. మొదటి అంకె శాఖది. మదనపల్లెకు 1, పుంగనూరుకు 2, కుప్పానికి 3. అప్పుడు ముగ్గురూ ఒకర్నొకరు అడగకుండానే నెంబర్లు ఇచ్చుకోవచ్చు, ఎప్పుడూ ఢీకొనవు.

కంప్యూటరు కొనడం తర్వాతి మాట. ఈ పద్ధతి మూడు నోటుపుస్తకాలతో, ఒక వాట్సాప్ గ్రూపుతో కూడా రేపటి నుండే నడుస్తుంది. కుప్పం వారికి ఇటువంటి ప్రయోగాలు కొత్త కాదు. 2002లోనే హ్యూలెట్–పేకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ పేరుతో సమాచార కేంద్రాలు పెట్టింది. ఇంజనీరింగు చదివే మన పిల్లలు ప్రోగ్రాము వ్రాస్తామంటే సంతోషమే, అది వారికి మంచి పాఠం. ఐతే కరెంటు పోయినప్పుడు, నెట్టు లేనప్పుడు ఏమి జరగాలో మొదటి పేజీలోనే వ్రాసి మాకు చూపించాలి.

జొహర్ నమాజు, భోజనం తర్వాత మూడు శాఖల రిజిస్టర్లను అతిథి గృహం వరండాలోని బల్ల మీద పక్కపక్కన పెడుతున్నాము. గత రెండు సంవత్సరాల పేర్లను తండ్రి పేరు, పుట్టిన తేదీ పట్టి పోల్చాలి. చక్కగా వ్రాసే పిల్లలు ఆరుగురు కావాలి. ఉర్దూ అక్షరాలు, తెలుగు అక్షరాలు రెండూ చదవగలిగినవారు ఐతే మేలు. పెన్నులు మా దగ్గర ఉన్నవి.